కారు పోషణ - పెట్రోలు పొదుపు

గ్యాసు బండ మార్చిన దినమున ఆ తేదీని గోడమీది కాలెండరుపై గుర్తు పెట్టుకొను అలవాటు మన ఇండ్లలో చాలమందికి కలదు. గడచినసారి 40 దినములు వచ్చిన బండ ఈసారి 30 దినములకే అయిపోయినచో, చుట్టములు ఎక్కువగా వచ్చిరా, గొట్టము కారుచున్నదా, బర్నరు మూసికొనిపోయినదా అని వెంటనే విచారింతుము. ఇంతటి జాగ్రత్తపరులమైన మనమే కారు విషయమున మాత్రము బంకులో ఐదువందలకో వేయికో పెట్రోలు పోయించి, ముల్లు క్రిందికి దిగగానే మరల పోయించి, నెలాఖరున ఖర్చు చూచి నిట్టూర్చి ఊరకుందుము. కాలిపోయిన ఆ పెట్రోలులో ప్రయాణమునకు పనికివచ్చిన దెంత, మన అశ్రద్ధవలన వ్యర్థమైన దెంత అని లెక్క చూచుకొనువారు అరుదు.

ఆ వ్యర్థము స్వల్పమే కదా అని తోచవచ్చును. ఒక చిన్న లెక్క చూతము. నెలకు 1000 కిలోమీటర్లు తిరుగు కారు లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున ఇచ్చుచున్నచో, నెలకు సుమారు 66.7 లీటర్ల పెట్రోలు పట్టును. అదే కారు 13.5 కిలోమీటర్లకు దిగినచో 74 లీటర్లు పట్టును. నూటికి పదివంతుల ఈ తరుగుదల నడపువారికి తెలియనే తెలియదు. కారు ఎప్పటివలెనే కదలును, ఎప్పటివలెనే ఆగును. కాని ఏడాది తిరుగునప్పటికి 89 లీటర్లు అదనముగా కాలిపోవును. మన రెండు తెలుగు రాష్ట్రములలోను లీటరు పెట్రోలు వెల 2021వ సంవత్సరమున 100 రూపాయలు దాటినది. ఆ నూరు రూపాయల చొప్పుననే కట్టినను ఇది 8,900 రూపాయలు. లీటరు పెట్రోలు కాలినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును గనుక, ఊరి గాలిలోనికి 200 కిలోలకు పైగా ఆ వాయువును కూడ మనము ఊరకయే వదలినవార మగుదుము.

వైద్యుడు రోగి నాడిని చూచినట్లు, కారు నడపువాడు మైలేజిని చూడవలెను. మైలేజి పడిపోవుట స్వయముగా ఒక రోగము కాదు; ఎక్కడనో ఉన్న రోగమునకు అది లక్షణము. ఆ లక్షణమును వేళకు గుర్తించినచో ఖర్చు తగ్గుటయే గాక, ఒక్కొక్కప్పుడు ప్రమాదము కూడ తప్పును. మేము ఈ వ్యాసమున చెప్పబూనిన ముఖ్యవిషయ మిదియే.

నాడి చూచు విధము

ఇందుకు గొప్ప పరికరము లేవియు అక్కరలేదు. కారు అరలో ఒక చిన్న నోటు పుస్తకము, ఒక పెన్సిలు ఉన్న చాలును. బంకులో ట్యాంకు నిండుగా పోయించుడు. గన్ను తనంతట తాను టక్కుమని ఆగగానే అంతటితో విడిచిపెట్టవలెను. చిల్లర సరిచేయుటకై ఇంకను క్రుక్కి పోయించుట మంచిది కాదు. ట్యాంకులో పుట్టు ఆవిరిని పట్టియుంచుటకు నేటి కార్లలో బొగ్గు నింపిన డబ్బా యొకటి ఉండును. ఎక్కువైన పెట్రోలు అందులోనికి చేరినచో అది చెడిపోవును. అప్పటి కిలోమీటర్ల అంకెను వ్రాసికొని, ట్యాంకు సగమో అంతకు మించియో ఖాళీ అయిన పిదప అదే బంకులో మరల నిండుగా పోయించుడు. నడచిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించినచో మైలేజి తేలును. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మరాదు. మూడు నాలుగు పర్యాయముల సగటు తీసినప్పుడే నిజము తెలియును. డాష్‌బోర్డుమీద కనబడు మైలేజి ఒక ఉజ్జాయింపు మాత్రమే.

అంకె ప్రక్కన ఒకటి రెండు మాటలు కూడ వ్రాసికొనుట మేలు. "ఊరిలోనే తిరుగుడు", "ఎండలు, ఏసీ", "ఐదుగురము, సామాను" అని గుర్తున్నచో, తరుగుదలకు కారణము కారులోనిదో మన వాడుకలోనిదో తేలును. తరుగుదల వచ్చిన తీరు కూడ ఎంతయో చెప్పును. నెలల తరబడి కొంచెము కొంచెముగా పడినచో టైర్లలో గాలియో, ప్లగ్గులో, అలైన్‌మెంటో కారణము కావచ్చును. ఒక్క వారములో దభాలున పడినచో ఏదో పట్టుకొనిపోయినదనియో, ఏదో సెన్సారు చెడినదనియో అనుమానింపవలెను.

ఇది మేము నష్టపడి నేర్చుకొన్న పాఠము. ఒక వర్షకాలపు చివర మా కారు మైలేజి 16 నుండి 13కు ఒక్కసారిగా దిగెను. బంకువాడు మోసగించినాడని నిశ్చయించి బంకు మార్చితిమి. లాభము లేకపోయెను. ప్లగ్గులు మార్పించితిమి. అదియు వృథాయే. తుదకు ఒక మెకానిక్కు వెనుక చక్రములను జాకీపై లేపి చేతితో త్రిప్పిచూచెను. ఒకటి సులువుగా తిరిగెను, రెండవది తిరుగలేదు. వానకు తడిసిన హ్యాండుబ్రేకు తీగ త్రుప్పుపట్టి, వదలినను పూర్తిగా వదలక బిగిసియుండెను. మూడు వారములపాటు మేము బ్రేకు వేసియున్న కారును పెట్రోలు పోసి లాగించుచుంటి మన్నమాట! బంకువాని విషయమున మాకు కలిగిన అనుమానము వట్టిదే.

టైర్లలో గాలి

పెట్రోలులోని శక్తిలో అధికభాగము ఇంజనులోనే వేడిగా పోవును. ఊరిలోను రహదారిమీదను కలిపి చూచినచో చక్రములవరకు చేరునది పావువంతో, అంతకు తక్కువయో. చేరిన ఆ కొద్దిపాటి శక్తినైనను దారిలో పోగొట్టుకొనకుండ చూచుట మన చేతిలోని పని. అందుచేత కారు పోషణ చక్రములనుండియే ప్రారంభింపవలెను.

గాలితో నింపిన టైరును జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో రూపొందించెను. టైరు నేలను తాకుచోట నొక్కుకొని, పైకి వచ్చినప్పుడు మరల విచ్చుకొనుచుండును. ఇట్లు నలిగినప్పు డెల్ల కొంత శక్తి వేడిగా మారిపోవును. గాలి తక్కువైన కొలది నలుగుడు ఎక్కువగును. నాలుగు టైర్లలోను సగటున ఒక్కొక్క పాయింటు గాలి తగ్గినచో మైలేజి నూటికి 0.2 వంతు తగ్గునని అమెరికా ప్రభుత్వ ఇంధనశాఖవారి లెక్క. పది పాయింట్లు తగ్గినను నూటికి రెండు వంతులే కదా అని తేలికగా చూడరాదు. ఆ నలుగుడువలన పుట్టిన వేడి టైరును లోలోపల చెరచును. రోహిణి ఎండలో నిండు బరువుతో రహదారిమీద వేగముగా పోవునప్పుడు అట్టి టైరు పగిలినచో పోవునది పెట్రోలు మాత్రము కాదు.

గాలి ఎంత ఉండవలెనో పంక్చరు షాపువానిని అడుగ నక్కరలేదు. డ్రైవరు తలుపు తెరచిన చోట స్తంభముమీద అంటించిన కాగితమున కంపెనీవారే ఆ అంకె వ్రాసియుందురు. ఇద్దరు ఎక్కినప్పు డొక అంకె, నిండుగా ఎక్కినప్పు డొక అంకె ఉండును. ఉదయమున కారు నడువకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించుకొనవలెను. కొంత దూరము నడచిన పిదప టైరు వేడెక్కి అంకె పెరుగును. ఎక్కువైనదని అప్పుడు గాలి తీయించినచో చల్లారిన పిదప తక్కువైపోవును. నేటి రేడియల్ టైర్లు కొంత గాలి తగ్గినను కంటికి తెలియనీయవు. కాలితో తన్ని చూచుట పరీక్ష కాదు. టైరులో గాలి తనంతట తాను నెలకు ఒక పాయింటు చొప్పున తగ్గుచుండును గనుక, పక్షమున కొకసారి చూపించుట, స్టెప్నీని మరువకుండుట అవసరము. పొదుపునకని అంకెకు మించి నింపుటయు తప్పే. టైరు నడుమ మాత్రమే అరిగి, వానలో పట్టు తగ్గును. నైట్రోజను నింపించుటవలన మైలేజి పెరుగునని కొందరి నమ్మకము. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజను. ఏది నింపినను అంకె సరిగా ఉండుటయే ముఖ్యము.

చక్రములు, బ్రేకులు

రెండు ముందు చక్రములు సమముగా నడువక లోపలికో వెలుపలికో తిరిగియున్నచో, టైరు దొర్లుటతోపాటు నేలమీద ప్రక్కకు రాచుకొనుచుండును. చదును రోడ్డుమీద స్టీరింగు ఒక ప్రక్కకు లాగుట, టైరు అంచు ఒక వైపుననే అరుగుట దీనికి గుర్తులు. గోతిలో గట్టిగా పడిన తరువాత అలైన్‌మెంటు చూపించుకొనుట మంచిది. బ్రేకు పట్టుకొన్నదా యని తెలిసికొనుటకు సులభమైన ఉపాయ మొకటి కలదు. బ్రేకు అంతగా వాడని దారిన కొంతదూరము నడపి ఆపి, చక్రమునకు తగులకుండ అరచేతిని దగ్గరగా పెట్టి చూడుడు. ముందు చక్రములు వెనుకవానికంటె వేడిగా ఉండుట సహజమే. కాని కుడి ఎడమలకు తేడా ఉన్నచో వేడిగా ఉన్న వైపున బ్రేకు వదలుట లేదని అర్థము. వర్షకాలము వెళ్ళగానే ఈ పరీక్ష తప్పక చేయవలెను.

ఇంజను లోపల

పెట్రోలు పూర్తిగా కాలుటకు దాని బరువునకు 14.7 రెట్లు గాలి కావలెను. ఈ పాళ్ళు చెడకుండ చూచుటయే ఇంజను పోషణలోని రహస్యము. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరువంటి కార్బురేటరు కార్లలో గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినచో గాలి తగ్గును. పెట్రోలు మాత్రము తగ్గదు. నల్లని పొగ, పడిపోయిన మైలేజి ఫలితము. అందుచేత "ఫిల్టరు దులుపు, మైలేజి పెంచు" అను మాట ఆనాడు నూటికి నూరుపాళ్ళు నిజము. నేటి ఇంజెక్షను కార్ల సంగతి వేరు. లోనికి పోవు గాలిని సెన్సారు కొలుచును. దానికి తగినంత పెట్రోలునే కంప్యూటరు చిమ్మించును. ఇట్టి కార్లలో మురికి ఫిల్టరువలన మైలేజికి చెప్పుకోదగిన నష్టము లేదనియు, వేగము పుంజుకొనుటలో మాత్రమే జాప్యము కలుగుననియు అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో పరీక్షించి తేల్చిరి. అయినను చెప్పిన గడువునకు ఫిల్టరు మార్చుటయే ఉచితము. పిక్‌అప్ తగ్గిన కారులో మన కాలు యాక్సిలరేటరును మరికొంత త్రొక్కును. చిరిగిన ఫిల్టరు ద్వారా దూరిన దుమ్ము ఇంజనును అరుగదీయును.

ప్లగ్గు అరిగి రవ్వ బలహీనమైనచో సిలిండరులోని పెట్రోలులో కొంత కాలకయే పొగగొట్టములోనికి పోవును. అది అచ్చట కాలి, పొగను శుద్ధిచేయు ఖరీదైన భాగమును కూడ పాడుచేయును. పొగలోని ప్రాణవాయువును కొలుచు ఆక్సిజన్ సెన్సారు చెడినప్పుడు కంప్యూటరు తప్పు లెక్కతో ఎక్కువ పెట్రోలు చిమ్మించును. ఇట్టి లోపము తీవ్రమైనప్పుడు దానిని సరిచేసినచో మైలేజి నూటికి 40 వంతులవరకును మెరుగుపడవచ్చునని ఆ ఇంధనశాఖవారే చెప్పుచున్నారు. డాష్‌బోర్డుమీద ఇంజను బొమ్మగల దీపము వెలిగి ఆరకున్నను, కారు బాగానే నడచుచున్నది కదా యని నెలల తరబడి ఊరకుండువారు పెక్కుమంది. ఆ దీపమే కారు చెప్పుకొను నొప్పి.

థర్మోస్టాటును గూర్చి ఒక మాట చెప్పకుండ ఉండరాదు. ఇంజను తగినంత వేడెక్కువరకు రేడియేటరునకు నీటిని పోనీయక ఆపునది ఈ చిన్న కవాటము. "మన ఎండలకు ఇది యెందుకండీ" అని దానిని తీసి పారవేయు మెకానిక్కులు కలరు. ఇది అపకారమే గాని ఉపకారము కాదు. ఇంజను సుమారు 90 డిగ్రీల వేడిలో చక్కగా పనిచేయును. చల్లగా ఉన్న ఇంజనునకు కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోయించును. ఆయిలు పలుచబడక రాపిడి పెరుగును. కారు త్వరగా వేడెక్కుచున్నచో రేడియేటరును, ఫ్యానును, కూలెంటును చూపించవలెను గాని థర్మోస్టాటును తీయించరాదు.

ఆయిలు విషయమునను ఇట్టిదే యొక పాత నమ్మకము కలదు. చిక్కనిదే మంచిదని పలువు రందురు. పాత ఇంజనులకు అది చెల్లినదేమో గాని, నేటి ఇంజనులలో భాగముల నడుమ సందులు సన్నవి. వానికి పలుచని ఆయిలే నిర్ణయింపబడినది. పుస్తకమున వ్రాసిన గ్రేడునే వాడినచో నూటికి ఒకటి రెండు వంతులు మైలేజి నిలుచును, ఇంజను ఆయువును నిలుచును.

కారు తప్పు కానిది

కొన్ని తరుగుదలలకు కారు బాధ్యత లేదు. మన దేశమున 2025 నాటికి బంకులలో నూటికి 20 వంతులు ఇథనాలు కలిసిన పెట్రోలు వ్యాపించినది. లీటరు ఇథనాలులో లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే ఉండును. ఇథనాలు లేని పెట్రోలునకై నిర్మింపబడి, నూటికి పది వంతుల మిశ్రమమునకు సరిచేయబడిన కార్లలో ఈ క్రొత్త మిశ్రమమువలన 6 నుండి 7 వంతులు మైలేజి తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన ప్రణాళికలోనే కలదు. పాత కారున్నవారు ఈ సంగతి ఎరుగక ఇంజను విప్పించుట అనవసరపు ఖర్చు. అయితే 20 వంతులు పడిన తరుగుదలనంతయు ఇథనాలుమీద త్రోసి ఊరకుండుటయు పొరపాటే. ఎంత పడినదో చెప్పగలిగినది నోటు పుస్తక మొక్కటే.

మన కాలు, మన చేయి

ఎంత బాగుగా పోషించిన కారైనను నడపు తీరు చెడినచో ఫలితము దక్కదు. వేగము రెట్టింపైనచో గాలి అడ్డుకొను బలము నాలుగు రెట్లగును. 80 కిలోమీటర్ల వేగమునకంటె 100 కిలోమీటర్ల వేగమున ఆ బలము ఒకటిన్నర రెట్లకు మించును. పైన ఖాళీ క్యారియరును మోసికొని తిరుగుట ఈ బలమును ఇంకను పెంచుటయే. సిగ్నలు దూరమున ఎర్రగా కనబడుచుండగా దానివరకు వేగముగా పోయి బ్రేకు త్రొక్కుటకంటె, ముందే కాలు తీసి నెమ్మదిగా చేరుట మేలు. చిన్న కారైనను నిలిచి తిరుగు ఇంజను గంటకు అర లీటరు, అంతకు పైగా త్రాగును. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంస్థవారు సిగ్నలువద్ద ఇంజను ఆపుడని ప్రబోధించుచుండుట ఇందుకే.

ఇచ్చట ఒక ప్రమాదకరమైన అలవాటును గూర్చి గట్టిగా హెచ్చరింపవలసి యున్నది. తిరుమల కొండ దిగునప్పుడును, అరకు, శ్రీశైలము ఘాటు రోడ్లలోను కొందరు పెట్రోలు మిగులునని గేరు తీసి న్యూట్రలులో వదలుదురు. ఇంజనునే ఆపివేయువారును కలరు. ఇంజను ఆగినచో బ్రేకునకు సాయపడు బలము ఒకటి రెండుసార్లు త్రొక్కగానే హరించిపోవును, స్టీరింగు బరువెక్కును. ఇంజను తిరుగుచున్నను, న్యూట్రలులో దాని పట్టు చక్రములకు ఉండదు గనుక భారమంతయు బ్రేకులమీదనే పడి అవి కాగి పట్టు తప్పును. పోనీ, పెట్రోలైనను మిగులునా? అదియు లేదు. ఇంజెక్షను కార్లలో గేరు వేసియుండి యాక్సిలరేటరుమీదనుండి కాలు తీసినచో కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపివేయును. వాలున దిగు చక్రములే ఇంజనును త్రిప్పును. న్యూట్రలులోనైతే ఇంజను ఆరిపోకుండుటకు పెట్రోలు పోయుచునే ఉండవలెను. కాబట్టి ఏ గేరున కొండ ఎక్కగలమో ఆ గేరుననే దిగుట క్షేమమును, పొదుపును కూడ.

ఇక పెట్రోలు గొట్టమునకు కట్టు అయస్కాంతములు, ట్యాంకులో వేయు మాత్రలు మొదలగునవి అంగళ్ళలో అమ్ముడుపోవుచునే యున్నవి. అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థవారు ఇట్టి సాధనములను నూటికి పైగా పరిశీలించి, చెప్పుకోదగిన పొదుపు కలిగించునది కానరాలేదని తెలిపిరి. వానికి పెట్టు డబ్బుతో గాలి చూచుకొను చిన్న గేజి యొకటి కొని ఇంట నుంచుకొనుట మేలు.

పక్షమునకు ఒకసారి టైర్లలో గాలి, ట్యాంకు నింపినప్పు డెల్ల నోటు పుస్తకమున రెండు అంకెలు, వానలు వెళ్ళగానే బ్రేకులు, పుస్తకమున చెప్పిన గడువునకు ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గులు - కారు మననుండి కోరునది ఇంతమాత్రమే. ఈసారి ట్యాంకు నింపించినప్పుడు కిలోమీటర్ల అంకెను మొదటి పుటలో వ్రాసికొనుడు. రెండు మాసములు గడచునప్పటికి మీ కారు మామూలు నాడి యేదో మీకు తెలిసిపోవును. అటుపిమ్మట అది తప్పిన దినమున, బంకువానిని నిందించుటకు ముందు జాకీ తీసి చక్రములను త్రిప్పిచూచుట మరువకుడు.